టెక్ సందేహాలు: మైక్ వినకపోయినా మన గుట్టు ఎలా బయటికి పోతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం మీద ఉన్నాయి, మనకి తెలీకుండా ఫోన్‌లో యాప్స్ ఏం చేస్తున్నాయి అని. అందుకని ప్రింటర్ గురించి, వైఫై స్పీడ్ గురించి అడిగినవాళ్లకి వచ్చేసారి చెప్తాను, ఏమనుకోకండి.

"మొన్న ఇంట్లో నేనూ మా ఆవిడా పరుపు మార్చాలని మాట్లాడుకున్నాం సార్. నేనెక్కడా సెర్చ్ చెయ్యలేదు. సాయంత్రానికల్లా ఇన్‌స్టాగ్రామ్ నిండా పరుపుల యాడ్సే. ఫోన్ మన మాటలు వింటోందా?" – కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

మీరనుకుంటున్నట్టు మాటలు వినడం అయితే కాదండి. అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 2018లో 17,260 ఆండ్రాయిడ్ యాప్స్‌ని ముందేసుకుని, ఏదైనా దొంగచాటుగా మైక్ ఆన్ చేసి మాటలు బయటికి పంపుతోందా అని పరీక్షించారు, అలాంటిది ఒక్కటీ దొరకలేదు. కానీ ఆ వెతుకులాటలో ఇంకోటి బయటపడింది, కొన్ని యాప్స్ మనం స్క్రీన్ మీద ఏం చేస్తున్నామో రికార్డ్ చేసి వేరే కంపెనీకి పంపుతున్నాయి, వాడేవాళ్లకి ఆ సంగతే తెలీదు. అదీకాక ఆండ్రాయిడ్ 12 నుంచి మైక్ ఆన్ అయితే పైన మూలన ఆకుపచ్చ గుర్తు వస్తుంది, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి నారింజ చుక్క వస్తుంది, కాబట్టి అనుమానం ఉంటే మీరే గమనించుకోవచ్చు.

మరి పరుపు యాడ్ ఎలా వచ్చింది అంటారా, దానికి మైక్‌తో పనే లేదు. మీరు సెర్చ్ చెయ్యలేదు సరే, మీ ఆవిడ చేసి ఉండొచ్చు, ఇద్దరి ఫోన్లూ ఇంట్లో ఒకే వైఫై మీద ఉంటాయి కాబట్టి బయటికి ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌లో మన ఇంటి నంబర్ లాంటిది) కనిపిస్తుంది, ఈ రెండు ఫోన్లూ ఒకే ఇంటివి అని యాడ్ కంపెనీకి అర్థం కావడానికి అది చాలు. లేదా ఆ వారంలో ఏదో ఫర్నిచర్ షాపు ముందు ఆగి ఉంటారు, లొకేషన్ ఆన్‌లో ఉంటుంది.

అసలు పని జరిగేది ఎక్కడంటే యాప్ లోపల ఉండే ఎస్‌డీకేల్లో. యాప్ తయారు చేసేవాళ్లు అంతా సొంతంగా రాసుకోరు, యాడ్స్ చూపించడానికి ఒకటి, ఎవరు ఎంత వాడుతున్నారో లెక్కలకి ఒకటి, మ్యాప్‌కి ఒకటి రెడీమేడ్ కోడ్ తెచ్చి పెట్టుకుంటారు. మీ ఫోన్‌లో తెలుగు క్యాలెండర్ యాప్, పిల్లాడి గేమ్, క్రికెట్ స్కోర్ యాప్ ఒకదానికొకటి సంబంధం లేనివి, కానీ మూడింట్లోనూ ఒకే యాడ్ కంపెనీ కోడ్ ఉండొచ్చు, మూడూ మీ ఫోన్‌కి ఉన్న ఒకే అడ్వర్టైజింగ్ ఐడీ (యాడ్స్ కోసం ఫోన్‌కి ఇచ్చిన గుర్తింపు నంబర్) పంపిస్తాయి, అంతే, మూడు చోట్ల మీరు చేసేవన్నీ ఒకే పేజీలోకి చేరిపోతాయి. దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది యాడ్ వేలంపాట. స్క్రీన్ మీద యాడ్‌కి ఖాళీ చోటు రాగానే మీ ఫోన్ మోడల్, ఐడీ, చాలాసార్లు లొకేషన్ కూడా ఒకేసారి ఎన్నో కంపెనీలకి వెళ్తాయి, సెకను కంటే తక్కువ టైంలో వేలం అయిపోతుంది, గెలిచినవాడు యాడ్ వేస్తాడు, కానీ ఓడిపోయినవాళ్లందరూ కూడా ఆ వివరాలు చూసేశారు కదా, అవి వాళ్లు దాచుకోకుండా అక్కడ కాపలా ఎవరూ లేరు.

పరుపు యాడ్ వస్తే వచ్చిందిలెండి, దాంతో పోయేదేం లేదు. కానీ రోజూ రాత్రి ఎక్కడుంటారో, పగలు ఎక్కడుంటారో ఆ రెండూ తెలిస్తే పేరు లేకుండానే మనిషి తెలిసిపోతాడు. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌కి నెలలో నాలుగుసార్లు వెళ్లొచ్చిన ఫోన్ గురించి చెప్పడానికి ఏ డాక్టరు రిపోర్టూ అక్కర్లేదు. ఇది ఊరికే భయపెట్టడానికి అంటున్నది కాదు, ఎక్స్‌మోడ్ అనే అమెరికన్ కంపెనీ మామూలు యాప్స్ ద్వారా లొకేషన్లు పోగేసి అమ్ముతోందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది, హాస్పిటళ్లు, ప్రార్థనా స్థలాల లాంటి చోట్ల వివరాలు అమ్మకూడదని 2024 జనవరిలో కట్టడి చేసింది.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్‌లోకి వెళ్లి యాడ్స్ అని ఉంటుంది, అందులో డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ నొక్కండి, కొన్ని ఫోన్లలో ఇది ప్రైవసీ కింద ఉంటుంది. తర్వాత పర్మిషన్ మేనేజర్ తెరిచి లొకేషన్ చూడండి, "ఎప్పుడూ" అని ఉన్నవాటిని "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" కి మార్చండి, వాతావరణం యాప్‌కి మీరు హైదరాబాద్‌లో ఉన్నారని తెలిస్తే చాలు, కేపీహెచ్‌బీలో ఏ ఫేజో అక్కర్లేదు, కాబట్టి ప్రిసైజ్ లొకేషన్ తీసెయ్యండి. క్యాబ్‌కి, ఫుడ్ డెలివరీకి మటుకు ఉంచుకోండి, లేకపోతే డ్రైవర్ మీ సందు వెతుక్కుంటూ తిరుగుతాడు.

"అన్నా, మా తమ్ముడు ఏదో లోన్ యాప్‌ల ఎనిమిది వేలు తీస్కున్నడు. కట్టుడు కొంచెం లేటయింది. ఇప్పుడు నాకు, మా బావకు, వాడు పనిచేసే షాపు సేటుకు గూడ ఫోన్లు చేసి బూతులు తిడుతున్రు. నేను ఆ యాప్ ఎన్నడు పెట్టుకోలే, నా నంబరు వాళ్లకెట్ల పోయింది?" – దిల్‌సుఖ్‌నగర్

ముందు ఒక మాట, తమ్ముణ్ని ఇప్పుడు తిట్టొద్దు. 2020 చివర్లో మన హైదరాబాద్‌లో, చుట్టుపక్కల ఈ లోన్ యాప్ వాళ్ల వేధింపులకి ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి చాలామందిని అరెస్ట్ చేశారు, అప్పు చిన్నదే, పరువు పోయిందన్న బాధే మనుషుల్ని మింగేసింది. కాబట్టి వాణ్ని ఒంటరిగా వదలకండి, ఇంట్లో అందరికీ తెలిసిపోయింది, ఇక దాచేదేం లేదు అని వాడికి చెప్పండి.

నంబర్ ఎలా పోయిందంటే, ఎవరూ హ్యాక్ చెయ్యలేదు. యాప్ పెట్టుకునేటప్పుడు కాంటాక్ట్స్ చూడనివ్వాలా అని అడిగితే మీ తమ్ముడు ఓకే నొక్కాడు, ఆ ఒక్క నొక్కుతో మీ నంబరు, మీ బావ నంబరు, సేటు నంబరు మొత్తం లిస్టు వాళ్ల సర్వర్‌లోకి ఎక్కేసింది. నాకు ఇందులో అన్యాయంగా అనిపించేది ఇదే, లొకేషన్ ఇస్తే అది నా లొకేషన్, ఫొటో ఇస్తే నా ఫొటో, కానీ కాంటాక్ట్స్ ఇచ్చానంటే అవి నావి కావు, ఐదొందల మందివి, వాళ్లలో ఒక్కరినీ ఎవరూ అడగలేదు. లోన్ యాప్ అనే కాదు, ఏ యాప్ కాంటాక్ట్స్ అడిగినా ఈ మాట గుర్తుకు రావాలి. ఫొటోలు ఎడిట్ చేసే యాప్‌కి మీ మేనత్త నంబరుతో ఏం పని?

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్‌లోనే చెప్పింది, అప్పులిచ్చే యాప్స్ కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫొటోలు, ఫైల్స్ ముట్టుకోకూడదు, కెమెరా, మైక్, లొకేషన్ కూడా కేవైసీ కోసం ఒక్కసారి అడిగి వాడుకోవాలి అంతే. గూగుల్ కూడా 2023లో ప్లే స్టోర్‌లో ఉన్న లోన్ యాప్స్‌కి కాంటాక్ట్స్, ఫొటోలు అడగొద్దని ఆపేసింది. అందుకే ఈ దొంగలు ప్లే స్టోర్ మానేసి వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో లింక్ పంపి ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో ఎక్కే యాప్) పెట్టిస్తున్నారు. ఇప్పుడు కాంటాక్ట్స్ అడిగిన లోన్ యాప్ ఏదైనా సరే, ఆ అడగడంతోనే అది రూల్ తప్పినట్టు, ఇంకేం చూడక్కర్లేదు, అప్పు తీసుకోకుండానే తీసెయ్యండి. రిజిస్టర్ అయిన సంస్థల తరఫున నడిచే లోన్ యాప్స్ లిస్టు 2025 నుంచి ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉంటోంది, అప్పు తీసుకునే ముందు అందులో పేరు ఉందేమో చూసుకోవాలి.

ఇప్పటికి చెయ్యాల్సింది: యాప్‌ని వెంటనే తీసెయ్యకండి, ముందు అందులో అప్పు వివరాలు, వాళ్ల మెసేజ్‌లు, కాల్ చేసిన నంబర్లు, డబ్బు పంపిన యూపీఐ ఐడీ అన్నీ స్క్రీన్‌షాట్లు తీయండి, ఆ తర్వాత పర్మిషన్లన్నీ తీసేసి అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. పోయిన లిస్టు వెనక్కి రాదు, ఆ మాట నిజం. అందుకే తమ్ముడి కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్లకి మీరే ముందుగా ఒక మెసేజ్ పెట్టండి, ఇలా బెదిరింపు కాల్స్ రావొచ్చు, మార్ఫింగ్ ఫొటోలు రావొచ్చు, నమ్మొద్దు, స్క్రీన్‌షాట్ తీసి మాకు పంపండి అని. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, లేదా కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. వాళ్లు పంపే కొత్త లింకులో కడితే కాల్స్ ఆగుతాయి అనుకోవద్దు, చాలామంది విషయంలో కట్టాకే ఎక్కువయ్యాయి.

"మా నాన్నగారి ఫోన్‌లో టార్చ్ యాప్, క్లీనర్ యాప్, బ్యాటరీ సేవర్ ఇలా ఏవేవో ఉన్నాయి. తీసెయ్యొచ్చా?" – మల్కాజిగిరి

మొత్తం తీసెయ్యండి. టార్చ్ ఫోన్‌లోనే ఉంటుంది, క్లీనింగ్ కూడా సెట్టింగ్స్‌లోనే అవుతుంది. 2013లోనే అమెరికాలో బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్ అనే టార్చ్ యాప్, లైటు వేస్తూ వేస్తూ లొకేషన్‌నీ ఫోన్ ఐడీనీ యాడ్ కంపెనీలకి పంపుతోందని కేసైంది. ఉంచుకున్న యాప్స్‌కి మాత్రం, వాడకపోతే పర్మిషన్లు తీసేసే ఆప్షన్ ఆండ్రాయిడ్ 11 నుంచి ఉంది, అది ఆన్‌లో ఉందో లేదో చూడండి.

"ఐఫోన్‌లో ఆస్క్ యాప్ నాట్ టు ట్రాక్ నొక్కుతున్నాను. ఇక సేఫేనా?" – గచ్చిబౌలి

కొంతవరకే. 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5తో వచ్చిన ఈ ప్రశ్నకి, అంటే ట్రాక్ చెయ్యొచ్చా అని యాప్ అడిగినప్పుడు, వద్దంటే యాప్‌కి మీ అడ్వర్టైజింగ్ ఐడీ అందదు. కానీ ఆ యాప్ లోపల మీరు చేసే పనుల్ని ఆ కంపెనీ రాసుకోవడం ఆగదు. సెట్టింగ్స్‌లో యాప్ ప్రైవసీ రిపోర్ట్ ఆన్ చేసి ఒక వారం ఆగి చూడండి, ఏ యాప్ ఏ డొమైన్లతో (వెబ్ అడ్రస్‌లతో) మాట్లాడిందో లిస్టు వస్తుంది. ఐఓఎస్ 18 నుంచి కాంటాక్ట్స్ మొత్తం కాకుండా మీరు ఎంచుకున్నవాళ్లవే ఇచ్చే వీలుంది, దాన్ని తప్పకుండా వాడండి.

"నేను బీటెక్ చదువుతున్నా, అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటా. అన్ని పర్మిషన్లూ డినై చేశా. అయినా లీక్ అవుతుందా? దీనికి మన దగ్గర చట్టం ఏమీ లేదా?"

మంచి ప్రశ్న. అవుతుంది. 2019లో అమెరికాలో బర్కిలీలోని ఐసీఎస్‌ఐ అనే కంప్యూటర్ సైన్స్ సంస్థ పరిశోధకులు, పర్మిషన్ వద్దన్నా అడ్డదారిలో డేటా తీసుకుంటున్న యాప్స్ 1,325 దాకా ఉన్నాయని తేల్చారు. దారులు చూడండి, లొకేషన్ ఇవ్వకపోతే గ్యాలరీలో ఫొటోల లోపల దాగిన జీపీఎస్ చదవడం, వైఫై రౌటర్ ఐడీ చూసి చోటు కనిపెట్టడం, పర్మిషన్ ఉన్న యాప్ ఐఎంఈఐ నంబర్ని (ఫోన్‌ని గుర్తుపట్టే సొంత నంబర్) మెమరీ కార్డులో దాచిపెడితే పర్మిషన్ లేని యాప్ అక్కణ్ణుంచి చదువుకోవడం. వీటిలో చాలావాటిని ఆండ్రాయిడ్ 10లో మూసేశారు, అందుకే పాత ఆండ్రాయిడ్ మీద ఉండిపోవద్దు అనేది.

2025 జూన్‌లో బయటపడింది ఇంకా పెద్దది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్స్ వెనకాల ఒక లోకల్ పోర్ట్ (ఫోన్ లోపలే ఒక యాప్ ఇంకోదానితో మాట్లాడుకునే దారి) తెరిచి కూర్చునేవి, మీరు బ్రౌజర్‌లో ఏ సైట్‌కి వెళ్లినా అందులో మెటా పిక్సెల్ (ఆ రెండు యాప్స్ కంపెనీ మెటా సైట్లలో పెట్టించే ట్రాకింగ్ కోడ్) ఉంటే అది ఫోన్ లోపలే ఆ యాప్‌కి కబురు పంపేది, ఇన్‌కాగ్నిటో అయినా సరే, వీపీఎన్ ఉన్నా సరే. రష్యా కంపెనీ యాండెక్స్ 2017 నుంచే ఇలాంటిది చేస్తోందట. పరిశోధకులు బయటపెట్టాక మెటా ఆపేసింది. ఎవరూ పట్టుకోకపోతే ఆపేవాళ్లా అన్నది నా ప్రశ్న.

నీకు చేతనైనది ఏంటంటే, ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది (డీఎన్‌ఎస్ అంటే సైట్ పేరు చెప్తే దాని అడ్రస్ వెతికిపెట్టేది), అందులో యాడ్‌గార్డ్ లాంటి యాడ్స్ ఆపే సర్వర్ పేరు పెడితే చాలా ట్రాకర్ డొమైన్లు అసలు తెరుచుకోవు, కాకపోతే నువ్వు వెళ్లే సైట్ల పేర్లు ఆ డీఎన్‌ఎస్ కంపెనీకి తెలుస్తాయి, అది ఆలోచించుకుని పెట్టుకో. బ్రౌజర్‌లో వాడుకోగలిగిన సర్వీస్‌కి యాప్ పెట్టుకోకు. ఫ్రాన్స్‌కి చెందిన ఎక్సోడస్ ప్రైవసీ సైట్‌లో యాప్ పేరు కొడితే లోపల ఏ ట్రాకర్లు ఉన్నాయో చూపిస్తుంది, ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నావు కాబట్టి నీకు ఆసక్తిగా ఉంటుంది.

చట్టం సంగతి కూడా అడిగావు. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ 2017 ఆగస్టు 24న చెప్పింది, డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు రూల్స్ వచ్చిన పద్దెనిమిది నెలలకి గానీ అమల్లోకి రావు. జరిమానా 250 కోట్ల దాకా ఉంది. హక్కు చెప్పిన పదేళ్లకి అమలా అని నాకు కోపం వస్తుంది, అయినా వచ్చాక దాన్ని వాడుకునేది మీ తరమే.

"వాట్సాప్‌లో పెళ్లి కార్డు అని ఏపీకే ఫైల్ వచ్చింది, తెలిసినవాళ్ల నంబర్ నుంచే. మా అమ్మ ఇన్‌స్టాల్ చేసేసింది. ఏం చెయ్యాలి?" – ఉప్పల్

ఇది చదవగానే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపెయ్యండి. ఇది ట్రాకింగ్ కాదు, నేరుగా దొంగతనం, ఈ యాప్స్ ఎస్ఎంఎస్ పర్మిషన్ తీసుకుని ఓటీపీలు చదువుతాయి, యాక్సెసబిలిటీ (ఫోన్ వాడటం కష్టమైనవాళ్లకి సాయంగా యాప్‌నే స్క్రీన్ నడపనిచ్చే పర్మిషన్) ఇచ్చి ఉంటే స్క్రీన్ మీద వాటంతట అవే నొక్కుతాయి కూడా. ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చేవీ ఇలాంటివే, పోలీసులు ఎప్పుడూ ఏపీకే పంపరు. వేరే ఫోన్ నుంచి బ్యాంక్‌కి చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డులు ఆపించండి, డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. తర్వాత యాక్సెసబిలిటీలో, డివైస్ అడ్మిన్ యాప్స్‌లో దాన్ని ఆఫ్ చేసి తీసెయ్యండి, తీయనివ్వకపోతే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి, అప్పుడు కూడా అనుమానంగా ఉంటే ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. అమ్మగారి వాట్సాప్ నుంచి అదే కార్డు ఇంకెవరికైనా వెళ్లిందేమో చూడండి, వెళ్లి ఉంటే వాళ్లందరికీ తెరవొద్దని చెప్పండి, మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఫోన్ చేసే చెప్పండి.