అక్వేరియంలో చెయ్యి పెడితే జివ్వుమంటోందా?

ప్రశ్న: మా హాల్లో మూడడుగుల అక్వేరియం ఉంది, గోల్డ్‌ఫిష్‌లు పెంచుతున్నాం. నీళ్లలో మునిగి ఉండే ఫిల్టరు, హీటరు, పైన లైటు ఉన్నాయి. ఈమధ్య గాజు తుడుద్దామని చెయ్యి పెడితే వేళ్లు జివ్వుమంటున్నాయి. చెప్పులు వేసుకుంటే ఏమీ తెలియదు. చేపలు హాయిగా తిరుగుతున్నాయి కాబట్టి నీళ్లలో కరెంటు లేదని, ఉన్నా ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్) ఉంది కదా అని మావారు అంటున్నారు. నిజమేనా?
— ఓ గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ముందు లేచి వెళ్లి ఆ ప్లగ్గులన్నీ పీకేయండి, మిగతాది తర్వాత చదవచ్చు. స్విచ్ ఆపితే సరిపోదా అంటే, సరిపోదు. వైరింగ్ సరిగ్గా చెయ్యని ఇళ్లలో స్విచ్ ఫేజ్‌కి (కరెంటు వచ్చే వైరు) కాకుండా న్యూట్రల్‌కి (తిరిగి వెళ్లే వైరు) వేసి ఉంటుంది, అలాంటి చోట స్విచ్ ఆపినా హీటర్లోకి 230 వోల్టులూ వస్తూనే ఉంటాయి. ప్లగ్గు చేతిలోకి వస్తేనే కరెంటు ఆగినట్టు.

చేపల సంగతి చాలామంది ఇలాగే అనుకుంటారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఒంట్లోంచి కరెంటు పారాలంటే ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోయే దారి ఉండాలి. చేప చుట్టూ ఉన్న నీళ్లన్నీ దాదాపు ఒకే వోల్టేజీలో ఉంటాయి, గాజు తొట్టిలోంచి భూమికి దారి లేదు, కాబట్టి దానికేమీ తెలియదు. మీరు నేలమీద నిలబడి చెయ్యి పెట్టగానే ఆ దారి మీరే అవుతారు. చెప్పులు దానికి కాస్త అడ్డం, అంతే. నేల తడిగా ఉన్నా, రెండో చేత్తో కిటికీ ఊచో ఇనుప స్టాండో పట్టుకున్నా ఆ అడ్డం పోతుంది. చేపలు బతికున్నాయంటే నీళ్లు క్షేమమని అర్థం కానే కాదు.

ఇక ఎంసీబీ. అది వైర్లు కాలిపోకుండా కాపాడేది, మనిషిని కాపాడేది కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి లోడు పడితేనో షార్ట్ అయితేనో పడిపోతుంది. మనిషి గుండెకి ప్రమాదం తేవడానికి అందులో వందో వంతు కరెంటు చాలు, అంత చిన్న లీకు ఎంసీబీకి కనపడదు. మీకు కావలసింది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పడిపోయే స్విచ్, అందులోనూ 30 మిల్లీఆంపియర్లది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా మధ్యలో ఎటో పోతోందని తెలియగానే, సెకనులో చిన్న భాగంలోనే అది లైను తెంపేస్తుంది. కొనేటప్పుడు 100, 300 మిల్లీఆంపియర్లవి అంటగడితే తీసుకోకండి, అవి మంటలు రాకుండా చూడటానికి, మనుషుల కోసం కాదు. దానిమీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి, టక్కున పడాలి. పడకపోతే మార్చేయాల్సిందే. అన్నట్టు, ఊరికే పడిపోతోందని ఆర్‌సీసీబీని తీసేసి డైరెక్ట్ చేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, దయచేసి ఒప్పుకోకండి, అది పడుతోందంటే ఎక్కడో లీకో, న్యూట్రల్ వైర్లు కలిసిపోయిన తప్పో ఉన్నట్టు.

లీకు దేనివల్లో తేల్చడానికి మీ చెయ్యి వాడొద్దు. ఎలక్ట్రీషియన్ని పిలిచి, ఒక్కో ప్లగ్గే పెడుతూ నీళ్లకీ సాకెట్లోని ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ ఉందేమో మల్టీమీటర్‌తో చూడమనండి. అసలు ఆ ఎర్త్ పిన్నుకి వైరు ఉందో లేదో ముందు చూడమనాలి, చాలా ఇళ్లలో సాకెట్‌కి మూడు కన్నాలుంటాయి గానీ వెనక ఎర్త్ వైరే ఉండదు. నాకు మొదటి అనుమానం హీటరు మీదే. గొట్టాన్ని వెలుతురుకి పెట్టి తిప్పి చూస్తే వెంట్రుకలాంటి పగులో, లోపల గాజుకి పట్టిన ఆవిరి చెమ్మో కనపడొచ్చు. తర్వాత ఫిల్టరు, వైరు మోటారులోకి వెళ్లేచోట. ఏది తేలినా పారేయండి, నీళ్లలో ఉండే వైరుకి టేపు చుట్టి మళ్లీ వాడటం మాత్రం వద్దు. ఇంకోమాట, గోల్డ్‌ఫిష్ చల్లని నీళ్ల చేప. రాజమహేంద్రవరం చలికి దానికి హీటరుతో పనే లేదు.

ప్రశ్న: ఏంజెల్ చేపల కోసం చలికాలం హీటరు పెట్టాం. నీళ్లు మారుస్తుంటే గొట్టం టప్‌మని పగిలింది. నాసిరకమా?
— ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నాసిరకమే కానక్కర్లేదు. నీళ్లు తోడుతుంటే హీటరు బయటపడి ఉంటుంది, చుట్టూ నీళ్లు లేక గొట్టం కాలిపోయి ఉంటుంది, అప్పుడు కొత్త నీళ్లు పోస్తే గాజు ఆగదు. నీళ్లు మార్చేముందు హీటరు ప్లగ్గు తీసి ఓ పావుగంట అలాగే నీళ్లలోనే చల్లారనివ్వండి. కొత్తదాన్ని గొట్టం మీదున్న గీత దాకా ముంచాకే ప్లగ్గు పెట్టండి. ఇసకలో కూరుకుపోకుండా చూడండి. ఎప్పుడైనా మళ్లీ పగిలితే ముక్కలు ఏరడానికి చెయ్యి పెట్టేముందు, చెప్పాగా, అన్ని ప్లగ్గులూ.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఎయిర్ పంపు ట్యూబులోంచి నీళ్లు వెనక్కొచ్చి కిందున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తడిసింది. ఆరబెట్టి వాడుకోవచ్చా?
— డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఆ బోర్డు వద్దు తమ్ముడూ, లోపల పట్టిన తుప్పు బయటికి కనపడదు. పంపు ఆగగానే నీళ్లు ట్యూబులోకి ఎక్కి, పంపు తొట్టి కన్నా కింద ఉంటే సైఫన్ లాగా కారుతూనే ఉంటాయి. పంపుని నీటిమట్టం కన్నా పైన పెట్టు, లేదా ట్యూబు మధ్యలో చెక్ వాల్వ్ (నీళ్లని వెనక్కి రానివ్వనిది) బిగించు, అక్వేరియం షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది, బాణం గుర్తు తొట్టివైపు ఉండాలి. కొత్త బోర్డుని తొట్టి కింద కాకుండా పక్క గోడకి బిగించు. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి వేలాడి, అక్కణ్నుంచి పైకెక్కి ప్లగ్గులోకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంబడి జారిన నీటిచుక్క ఆ వంపులోంచి నేలమీద పడుతుంది గానీ సాకెట్లోకి పోదు. ఇన్వర్టర్ ఉంటే ఆ లైను ఆర్‌సీసీబీ గుండా వెళ్తోందో లేదో అడుగు, చాలాచోట్ల వెళ్లదు. అలాంటప్పుడు దానికి విడిగా ఇంకోటి పెట్టించుకోవాలి.