1453ను మరీ నమ్ముకోకు

తమ్ముడికి,

నువ్వు పంపిన 'యూరప్‌ను మలుపు తిప్పిన పది సంవత్సరాలు' వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు, భాష కూడా తేటగా ఉంది. కానీ ప్రతి పేరా చివర 'దీంతో', 'దీని ఫలితంగా' అని రాసి తర్వాతి సంవత్సరానికి దూకేశావు. గ్రూప్స్‌కి చదివేవాళ్లకు అది చాలు. అసలేం జరిగిందో తెలుసుకుందామని వచ్చిన పాఠకుడికి చాలదు.

1453నే తీసుకో. ఒట్టోమన్ తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ని పట్టుకున్నారు, సుగంధ ద్రవ్యాల దారి మూసుకుపోయింది, అందుకే వాస్కోడగామా 1498లో కాలికట్ వచ్చాడు అన్నావు. మన బడి పుస్తకాల్లో చదువుకున్నదీ ఇదే కాబట్టి నిన్నొక్కడినే అనను. అయితే పోర్చుగీసువాళ్లు ఉత్తర ఆఫ్రికాలోని స్యూటాను 1415లోనే పట్టుకున్నారు. అంటే కాన్‌స్టాంటినోపుల్ పడిపోవడానికి 38 ఏళ్ల ముందు. అక్కణ్ణుంచి బంగారం కోసం, బానిసల కోసం ఆఫ్రికా పడమటి తీరం వెంబడి దక్షిణానికి జరుగుతూనే ఉన్నారు. ఇక మిరియాలంటావా, అవి ఎక్కువగా ఎర్రసముద్రం మీదుగా ఈజిప్టు చేరి, అలెగ్జాండ్రియాలో వెనిస్ వర్తకుల ఓడలెక్కేవి. ఆ ఈజిప్టు 1517 దాకా మామ్లూకులనే సుల్తానుల చేతిలోనే ఉంది. ఒట్టోమన్లు దాన్ని గెలిచేనాటికి గామా మన తీరానికి వచ్చి 19 ఏళ్లయింది. మరి మూసుకుపోయిన దారి ఏది? వెనిస్‌కు పోతున్న లాభం మీద పోర్చుగల్ కన్నుపడింది, అది రాయి. 1453 చిన్న సంగతేమీ కాదు. వెయ్యేళ్లకు పైగా నిలిచిన తూర్పు రోమన్ సామ్రాజ్యం ఆ మే 29న ముగిసింది. దాన్ని దానికోసమే రాయి, గామా కోసం కాదు.

ప్లేగును మాత్రం నాలుగు వాక్యాల్లో తేల్చేశావు. నన్నడిగితే నీ పదింటిలో అన్నిటికన్నా సరుకున్నది అదే. 1347 అక్టోబరులో సిసిలీలోని మెస్సినా రేవుకు ఓడల్లో వచ్చింది. నాలుగైదేళ్లలో యూరప్ జనంలో కనీసం మూడో వంతు పోయారు. బతికినవాళ్లు ఎక్కువ కూలి అడగడం మొదలుపెట్టారు. ఇంగ్లండ్ రాజు 1349లో ఆర్డినెన్స్ తెచ్చాడు: ప్లేగుకు ముందున్న కూలికే పనిచేయాలని. 1351లో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. ఎక్కువ కూలి ఇవ్వొద్దని రెండేళ్లలో రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందంటే, ఇస్తూనే ఉన్నారన్నమాట! ఇలాంటి కాగితం కంటబడితే వదలకు, తేదీల కన్నా అది ఎక్కువ చెబుతుంది. 1381లో తలపన్ను మీద కోపంతో రైతులు ఏకంగా లండన్‌లోకే వచ్చేశారు. వాళ్ల నాయకుడు వాట్ టైలర్‌ను చంపి ఆ తిరుగుబాటును అణిచేశారు గానీ, తర్వాతి తరాల్లో అక్కడ వెట్టి మెల్లమెల్లగా పోయింది.

ఇక్కడితో ఆపితే మళ్లీ నీ 'దీంతో' దగ్గరికే వస్తాం. అటు తూర్పున, పోలండ్‌లో, ప్రష్యాలో, రష్యాలో తర్వాతి శతాబ్దాల్లో జరిగింది దీనికి పూర్తిగా రివర్స్. మనుషులు తక్కువని చెప్పి భూస్వాములు రైతులను పొలానికి ఇంకా గట్టిగా కట్టిపడేశారు. రష్యాలో ఆ కట్టు 1861లో గానీ తెగలేదు. పనివాళ్లు కరువైతే కూలి పెరగొచ్చు, కాళ్లకు సంకెళ్లూ పడొచ్చు. రాజు ఎవరి పక్షం, రైతు పారిపోతే తలదాచుకోను దగ్గర్లో పట్నం ఉందా లేదా, ఇవి తేల్చాయి. నీ వ్యాసానికి వెన్నెముక ఇక్కడుంది.

చర్చిని ఎదిరించిన జర్మన్ మతగురువు లూథర్‌ను అచ్చుయంత్రం గెలిపించిందన్నావు. జర్మనీలోని మైంట్జ్‌లో గుటెన్‌బర్గ్ యంత్రం మీద తొలిరోజుల్లో అచ్చయినవాటిలో, డబ్బు కడితే పాపాలకు పడే శిక్ష తగ్గుతుందంటూ చర్చి అమ్మిన పాపపరిహార పత్రాలూ ఉన్నాయి, 1454 నాటివి. 1517లో లూథర్ అలాంటి పత్రాల మీదే అభ్యంతరాలు రాసి పంపాడు. ఎవరికనుకున్నావ్? మైంట్జ్ ఆర్చ్‌బిషప్‌కే. అంటే యంత్రం ఇద్దరికీ పనిచేసింది. అంతకు ముందు 1415లో, చర్చిని అలాగే విమర్శించిన ప్రాగ్ బోధకుడు యాన్ హుస్‌ను బతికుండగానే తగలబెట్టారు. లూథర్ తప్పించుకోవడంలో అచ్చుకెంత వాటా ఉందో, అతన్ని వార్ట్‌బుర్గ్ కోటలో దాచిన సాక్సనీ పాలకుడికీ అంత ఉంది.

1789 ఫ్రెంచి విప్లవంలో, బాస్టీల్ కోట పడిన రోజున కూడా రాజుకు ఏమీ పట్టలేదన్న ఆ డైరీ ముచ్చట తీసెయ్. జులై 14న పదహారో లూయీ 'ఏమీ లేదు' అని రాసుకున్నది వేట లెక్కల్లో. ఆ రోజు వేట లేదు, అంతే. దాని బదులు 1788 పంట దెబ్బతిని పారిస్‌లో రొట్టె ధర ఎక్కడికి పోయిందో, ఖజానా అప్పుల్లో ఎలా మునిగిందో చెప్పు. 1989 బెర్లిన్‌లో తూర్పు జర్మనీ పార్టీ ప్రతినిధి షాబోవ్‌స్కీ, సరిహద్దు దాటడానికి అనుమతి వెంటనే అమలవుతుందని విలేకరుల ముందు నోరుజారిన సంగతి మాత్రం ఉంచు, అది నిజంగానే గోడ తెరుచుకున్న ఆ రాత్రిని మార్చింది. కాకపోతే హంగరీ సెప్టెంబరులోనే తూర్పు జర్మన్లకు ఆస్ట్రియా వైపు సరిహద్దు తెరిచిందని, అక్టోబరు 9న తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ వీధుల్లోకి నిరసనకు వేలమంది వచ్చారని దానికి ముందే పాఠకుడికి చెప్పి ఉంచాలి.

పది వద్దు, మూడు చాలు. ముందు ప్లేగు భాగం ఒక్కటే తిరగరాసి పంపు. 1648 వెస్ట్‌ఫాలియా సంధి జోలికి ఇప్పుడే పోకు; ముప్పై ఏళ్ల యుద్ధం మొత్తం చదవాలి దానికి. టెన్షన్ పడకు, పత్రికవాళ్లతో గడువు సంగతి నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య