సీలింగులో స్పీకర్లు పెట్టించబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

గుంటూరు ఇంటికి వచ్చే వారం ఫాల్స్ సీలింగ్ పని మొదలవుతోందని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. హాల్లో నాలుగు, వంటింట్లో ఒకటి, స్పీకర్లన్నీ సీలింగులోనే పెట్టించాలనుకుంటున్నావట. ఏ కంపెనీవి కొనాలో మామయ్యను అడగమన్నావట. ముప్ఫై ఏళ్ళు హైదరాబాదులో ఇళ్ళకు వైరింగ్ చేసినవాణ్ణి, ఇలాంటి స్పీకర్లు ఎన్నో బిగించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. కంపెనీ సంగతి తరవాత చూద్దాం. స్పీకరు నచ్చకపోతే అరగంటలో విప్పేసి ఇంకోటి బిగించుకోవచ్చు. సీలింగుకు జిప్సం బోర్డు మూసేశాక వైరు మార్చలేవు, చోటూ మార్చలేవు. చేతిలో ఉన్న ఈ వారం రోజులూ ఆ రెండింటి మీదే పెట్టు.

ముందు చోటు. సీలింగ్ వాళ్ళను అడిగితే లైట్ల వరసలో కుదిరేలా నాలుగు మూలల్లో గుర్తులు పెట్టేస్తారు. చూడ్డానికి బాగుంటుంది కానీ వినడానికి బాగుండదు. గోడకు దగ్గరైతే పాట బొంగురుగా వినిపిస్తుంది. కనీసం 2 అడుగులు వదలాలి. సోఫా ఎక్కడ వేస్తారో మీ ఆవిడా నువ్వూ ముందు తేల్చుకోండి. కూర్చున్న మనిషి చెవి నేల నుంచి సుమారు 4 అడుగుల ఎత్తులో ఉంటుంది. మీ సీలింగ్ 9 అడుగులకు వస్తే మధ్యలో మిగిలేది 5 అడుగులు. స్పీకరు నుంచి శబ్దం గొడుగులా కిందికి పరుచుకుంటుంది. ఆ గొడుగు కోణం 90 డిగ్రీలనుకుంటే చెవి ఎత్తుకు వచ్చేసరికి దాని వెడల్పు 10 అడుగులు. అంచుల్లో శబ్దం కాస్త పలచబడుతుంది కాబట్టి 8 అడుగులకు ఒకటి చొప్పున పెట్టుకుంటే ఇంట్లో ఎక్కడ తిరిగినా పాట ఒకేలా వినిపిస్తుంది.

సినిమాల కోసం అట్మాస్, అంటే నెత్తి మీద నుంచి కూడా శబ్దం వచ్చే పద్ధతి, పెట్టాలని ఉంటే లెక్క వేరు. అప్పుడు ఒక జత సోఫాకు 5 అడుగులు ముందు, ఒక జత 5 అడుగులు వెనక రావాలి. కూర్చున్న చోటు నుంచి పైకి చూస్తే ముందుకూ వెనక్కూ 45 డిగ్రీల వాలు. కానీ మాటలు మాత్రం టీవీ పక్కనున్న స్పీకర్ల నుంచే రావాలి. బొమ్మ ఎదురుగా ఉండి మాట నెత్తి మీద నుంచి వస్తే పది నిమిషాలకే విసుగొస్తుంది.

మన ఇళ్ళలో చాలామంది మరిచిపోయేది ఫ్యాను. 1200 మిల్లీమీటర్ల ఫ్యాను రెక్కలు 4 అడుగుల వలయంలో తిరుగుతాయి. ఆ వలయం పైన స్పీకరు పడిందంటే పాట వణికినట్టు వినిపిస్తుంది. రెక్కల అంచు నుంచి మరో 2 అడుగులు దూరంగా జరిపించు. లోతు కూడా చూసుకో. స్పీకరు వెనక భాగం 4 అంగుళాలుంటే బోర్డుకీ శ్లాబుకీ మధ్య 6 అంగుళాలైనా ఖాళీ ఉండాలి. చాలకపోతే శ్లాబు కాస్త చెక్కేద్దామని ఎవరైనా అంటారు. ఒప్పుకోవద్దు. అందులో ఇనుము ఉంది, కరెంటు పైపులున్నాయి.

ఇక వైరు. 1.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్లు) మందం ఉన్న రాగి స్పీకరు వైరు 15 మీటర్ల దూరం వరకు సరిపోతుంది. రానూపోనూ 30 మీటర్లు కాబట్టి వైరు నిరోధం, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, 0.4 ఓమ్‌ల దాకా ఉంటుంది, అంటే 8 ఓమ్‌ల స్పీకరులో 5 శాతం. అంతకు మించితే 2.5 తీసుకో. కొనేటప్పుడు ఒక పోగును బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. రాగి కంటే నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది, పైగా వంచిన చోట తొందరగా తెగుతుంది. షాపువాడు రెండూ ఒకటేనని చెప్పినా తీసుకోకు. వైరు విడి పైపులోనే వెళ్ళాలి. 230 వోల్టుల వైర్లున్న పైపులో దీన్ని తోయనివ్వకు. అది ప్రమాదం, స్పీకరులో హమ్ అనే రొద కూడా వస్తుంది. రెండు పైపులూ పక్కపక్కన నడిస్తే మధ్య ఒక అడుగు ఎడం ఉంచు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు. పైపులో ఉంటే ఎలకల భయమూ తగ్గుతుంది. ప్రతి చివరా ఏ గదిదో చీటీ అంటించు. స్పీకరు వచ్చే చోట 3 అడుగుల వైరు చుట్టి వదులు.

బోర్డు ఎక్కించే ముందు రోజు నువ్వే టేపు పట్టుకుని, ప్రతి స్పీకరు నడిబిందువు రెండు గోడల నుంచి ఎంత దూరమో రాసి, టేపు కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకో. బోర్డును మోసే జీఐ ఛానెల్ (ఇనుప పట్టీ) సరిగ్గా స్పీకరు నెత్తిన రాకుండా ఆ రోజే జరిపించు. తరవాత ఛానెల్ కోస్తే సీలింగ్ బలం పోతుంది.

రంధ్రం కోసే రోజు తొందరపడొద్దు. ముందు ఆ గదికి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చు ఆపు. స్పీకరు డబ్బాలో వచ్చే అట్ట కొలత పెట్టి గీత గీసి, నడుమ చిన్న రంధ్రం చెయ్యి. గట్టి తీగను ఎల్ ఆకారంలో వంచి అందులో దూర్చి గుండ్రంగా తిప్పు. వంచిన భాగం పొడవు స్పీకరు వ్యాసంలో సగం ఉండాలి. ఎక్కడా తగలకపోతేనే కోయాలి. గీతకు లోపలివైపు కోసి, మిగిలింది ఆకురాయితో అరగదీయి. పెద్దదైపోయిన రంధ్రాన్ని మళ్ళీ చిన్నది చేయలేం. స్పీకరు చుట్టూ ఉండే చెవులు బోర్డును పట్టుకుంటాయి కాబట్టి ఆ స్క్రూలు చేత్తోనే బిగించు. డ్రిల్లు పెడితే జిప్సం నలిగిపోతుంది. దాంతోపాటు ప్రతి స్పీకరుకూ ఒక సన్నని స్టీలు తీగ కట్టి, శ్లాబులో దిగ్గొట్టిన యాంకరుకు తగిలించు. వర్షాకాలం లీకు వచ్చి బోర్డు మెత్తబడినా అది పిల్లల మీద పడకూడదు.

ప్లస్, మైనస్ విషయం నేను కష్టపడి నేర్చుకున్నాను. పని నేర్చుకున్న కొత్తల్లో ఒక పెద్దాయన ఇంట్లో నాలుగు స్పీకర్లు పెట్టాను. బాస్ లేదని ఆయన బాధపడ్డారు. యాంప్లిఫయరు మార్చాను, వైర్లు మళ్ళీ కలిపాను, మూడు రోజులు తిరిగాను. చివరికి చూస్తే రెండు స్పీకర్లకు తీగలు తారుమారయ్యాయి. ఒకటి ముందుకు తోస్తుంటే ఒకటి వెనక్కి లాగుతోంది, లోతైన శబ్దం గాలిలోనే కొట్టుకుపోతోంది. అప్పటి నుంచి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ జేబులో లేకుండా పనికి వెళ్ళలేదు. యాంప్లిఫయరు వైపు వైరుకు సెల్ ప్లస్, మైనస్ ఒక్క క్షణం తాకించు. గ్రిల్ (ముందున్న జాలీ) తీసి కింద నిలబడ్డ మనిషికి కోన్, అంటే స్పీకరులో కదిలే పొర, బయటికి వచ్చినట్టు కనిపించాలి. లోపలికి వెళ్తే తారుమారైనట్టే. మీటరు పెడితే 8 ఓమ్‌ల స్పీకరు ఆరు, ఏడు చూపిస్తుంది, కంగారుపడకు. యాంప్లిఫయరులో ఒకే ఛానెలుకు రెండింటిని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్‌గా కలిపితే 4 ఓమ్‌లవుతుంది, నాలుగు కలిపితే 2. మామూలు యాంప్లిఫయరు అక్కడ వేడెక్కి ఆగిపోతుంది.

ఒక జాగ్రత్త. కోఠీ గుజరాతీ గల్లీలోనో మీ ఊళ్ళోనో తక్కువకు దొరికే సీలింగ్ స్పీకర్ల మీద 100 వోల్ట్ లైన్ అని ఉంటే అవి షాపుల్లో, స్టేషన్లలో ప్రకటనలకు చేసినవి. ఇంటి యాంప్లిఫయరుకు అవి పనికిరావు.

ఫినిషింగ్ దగ్గరే ఎక్కువ పని పాడవుతుంది. రంధ్రాలు కోశాక, పుట్టీ పెట్టక ముందే, స్పీకర్లను తాత్కాలికంగా బిగించి ఫోనులో ఒకే స్వరం మోగించే టోన్ యాప్‌తో 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ విను. ఎక్కడో ఒక ఛానెల్, ఒక వదులు స్క్రూ జుయ్యిమంటుంది. అక్కడ చెయ్యి ఆనించి చూడు, ఆగితే అదే. స్క్రూ బిగించు, లేదా ఫోమ్ టేపు దూర్చు. పెయింటయ్యాక దొరికినా చేసేదేం లేదు. ఈ పరీక్ష అయ్యాక స్పీకర్లు తీసేసి, పుట్టీ, సాండింగ్, ప్రైమర్, రెండు పూతల పెయింటూ పూర్తయ్యాకే మళ్ళీ పెట్టించు. సాండింగ్ దుమ్ము కోన్ లోపలికి పోతే గరగరమంటుంది. వెనకవైపు బల్లులు, పురుగులు దూరకుండా మూత ఉన్నవి కొంటే మరీ మంచిది.

గ్రిల్‌కు సీలింగ్ రంగు వేయించాలంటే ముందు వెనకనున్న పల్చని గుడ్డ ఊడదీయి. రోలరు, బ్రష్షు తగలనివ్వకు, రంధ్రాలు పూడిపోతాయి. పల్చగా స్ప్రే, మూడు నాలుగు పూతలు, ఒకటి ఆరాక ఒకటి. ఆరాక వెలుతురుకు పట్టి చూడు. పూడినవి సూదితో తెరిచి, గుడ్డ తిరిగి అంటించు.

వంటింట్లో స్పీకరు పొయ్యి పైన రాకుండా చూడు, నూనె ఆవిరి పడుతుంది. మీ అమ్మ పొద్దున్నే భక్తి పాటలు పెడుతుంది కదా, ఆ ఒక్కదానికి విడిగా వాల్యూమ్ ఉండేలా చేయించు, పిల్లల నిద్ర చెడదు.

ఛానెళ్ళు కట్టిన సాయంత్రం ఫోటోలు పంపు. బోర్డు ఎక్కే రోజు చెబితే మీటరు తీసుకుని పొద్దున్న బస్సుకు వచ్చేస్తాను.

ఇట్లు,
మీ మామయ్య