మెరుపు చూసి మురిసిపోకు

చిరంజీవి రఘుకు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ఒహాయోలో కొనాలనుకుంటున్న పాత సైనిక తుపాకీ, పొట్టి లీ ఎన్‌ఫీల్డ్ 303 రైఫిల్ ఫోటోలు అందాయి. ఆ బోరు మన దేశంలో మామూలు జనానికి నిషిద్ధం, అక్కడి చట్టం సంగతి నువ్వే చూసుకోవాలి. పటాలంలో ఆర్మరర్‌గా ఈ తుపాకులను విప్పి బిగించినవాణ్ణి కనుక నాకు తెలిసింది రాస్తున్నాను. కొత్తదానిలా మెరుస్తోందని నువ్వు సంబరపడ్డావు. నాకు అనుమానం వచ్చింది ఆ మెరుపు చూసే.

బాగుచేసిన తుపాకీ అయినంత మాత్రాన తీసిపారేయకు. ప్రభుత్వ కర్మాగారంలో బాగుచేస్తే ఆ సంగతి ఇనుము మీదే ఉంటుంది. బ్రిటన్‌లో ఎఫ్.టి.ఆర్. అనీ, మన ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో ఎఫ్.ఆర్. అనీ కొట్టి, పక్కన సంవత్సరం వేసేవారు. దుకాణంలో బాగుచేసినవాడు ముందు చేసే పని పాత గుర్తులు గీకేయడం.

గుండును గొట్టంలోకి నెట్టి మూసే బోల్ట్ పిడికి కిందుగా, భుజానికి ఆనే చెక్క బట్టు వచ్చి కలిసే ఇనుప మెడ కుడివైపు చూడు. కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, తయారీ చోటు, సంవత్సరం, మోడల్ వరుసగా ఉండాలి. ఇషాపూర్‌ది అయితే స్వాతంత్ర్యానికి ముందు కిరీటం కింద జి.ఆర్.ఐ. ఉంటుంది, తరువాతి వాటికి అశోక సింహాలు వచ్చాయి. విక్టోరియా రాణి 1901లో పోయింది. పొట్టి లీ ఎన్‌ఫీల్డ్ సైన్యానికి వచ్చింది ఆ తరువాతే. కాబట్టి, పాత పొడుగు రైఫిల్‌ను పొట్టిగా మార్చినది కాకపోతే, దాని మీద ఆ రాణి గుర్తు వి.ఆర్. కనిపిస్తే అది పాకిస్తాన్‌లో పెషావర్ దగ్గర దర్రా ఆదంఖేల్ లాంటి చోట చేత్తో చేసిన నకలు కావచ్చు. వాటిలో అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒక్కోసారి ఎన్ తిరగబడి ఉంటుంది. అలాంటిదాన్ని గోడకు తగిలించుకో, పేల్చకు.

తరువాత నంబర్లు. బాడీ మీద, బోల్ట్ పిడి వెనక, గొట్టం మొదట్లో, మూతి దగ్గరి ఇనుప టోపీ మీద ఒకే నంబరు ఉండాలి. పాతది కొట్టేసి కొత్తది వేసినా పరవాలేదు, కర్మాగారాలు అలా చేసేవి. బోల్ట్ నంబరు కలవకపోతే మాత్రం ఆలోచించు, ఎందుకంటే బోల్ట్‌ను ఆ బాడీకే సరిపోయేలా అమర్చుతారు.

చెక్క దగ్గర గోరు వాడు. బట్టు చివరి ఇత్తడి పలక అంచు మీద గోటితో రాస్తే చెక్క కొంచెం పైకి తగలాలి. పలకే పైకి తగిలితే ఎవరో చెక్కను సాండ్‌పేపర్‌తో అరగదీశారని అర్థం, దాంతోపాటు ముద్రలూ పోయి ఉంటాయి. సైన్యం పూసేది అవిసె నూనె, అద్దంలా మెరిసే వార్నిష్ కాదు.

నువ్వు ఎన్.సి.సి.లో భుజాన మోసిన రైఫిళ్ల మీద డి.పి. అని ఉండేది, గుర్తుందా? కవాతుకు తప్ప కాల్చడానికి పనికిరానివి. కొందరు ఆ అక్షరాలు చెరిపి, గుండు కూర్చునే ఛాంబరుకు వేసిన రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చి అమ్మేస్తారు. అక్కడ ఇనుము రంగు తేడాగా ఉంటే బేరం వదిలేయ్.

గొట్టం అన్నిటికన్నా ముఖ్యం. లోపల గుండు లేదని చూసుకుని, బోల్ట్ తీసి వెలుతురుకు ఎత్తిపట్టు. లోపల మెలితిరిగిన గాడుల అంచులు పదునుగా కనిపించాలి. సాధారణంగా ఐదు గాడులుంటాయి, తరువాతి మోడల్ అయిన రెండో ప్రపంచయుద్ధకాలపు నంబర్ 4 రైఫిళ్లలో రెండే ఉన్నవీ వచ్చాయి. మధ్యలో నల్లని వలయం కనిపిస్తే గొట్టం ఉబ్బిందని. పాత గుళ్ల ప్రైమర్ పేలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది. మన బీచ్ రోడ్డు ఇళ్ల కిటికీ ఊచల్ని సముద్రపు గాలి ఎలా తింటుందో, ఆ ఉప్పు ఉక్కును అలా తింటుంది. అందుకే మేం కాల్చాక మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, నూనె పెట్టేవాళ్లం. ఆ పని చేయని చేతుల్లో పడ్డ తుపాకీకి లోపల గుంటలు పడి ఉంటాయి, పైన ఎంత పాలిష్ పెట్టినా అవి పోవు. మూతి దగ్గర, గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడు ఒరుసుకున్న గాడి ఉందేమో కూడా చూడు.

అమ్మేవాడు ఇషాపూర్ 2ఎ అంటే అది వేరు, 7.62 గుండుది. 303 బాడీకి ఎవరో 7.62 గొట్టం బిగించినదైతే ముట్టుకోకు.

ఇనుప మెడ, నాలుగు నంబర్లు, ఛాంబరు పక్క, గొట్టం లోపలి ఫోటోలు దగ్గరగా తీయించి పంపు. అవి నేను చూసి, అక్కడి తుపాకుల మెకానిక్ గేజ్‌తో హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ ముఖానికీ గుండు ఆనే చోటుకీ మధ్య ఎడం, కొలిచేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య,
మల్కాపురం, విశాఖపట్నం