సెప్టిక్ ట్యాంకు కోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను ప్రభుత్వ టీచర్ని. హన్మకొండ శివారులో 200 గజాల తూర్పు ముఖం స్థలంలో (36×50 అడుగులు) బ్యాంకు లోనుతో ఇల్లు కడుతున్నాం. శ్లాబు పడింది. మా కాలనీకి డ్రైనేజీ లైను లేదు. చదరపు అడుగు రేటులో సెప్టిక్ ట్యాంకు రాదని మేస్త్రి ఇప్పుడు చెబుతున్నాడు. సిమెంటు వరలతో 38 వేలు, ఇటుక ట్యాంకు, ఇంకుడు గుంత కలిపి 1.05 లక్షలు అడుగుతున్నాడు. చేతిలో 40 వేలున్నాయి. వరలతో సరిపెట్టుకోనా, మిగతా 65 వేలకు పర్సనల్ లోన్ తీసుకోనా? ఇంట్లో ఆరుగురం. బోరు ఈశాన్యంలో ఉంది.

జవాబు: వరలు వద్దు, పర్సనల్ లోనూ వద్దు. ఇటుక ట్యాంకే కట్టించండి. డబ్బు సర్దుబాటు సంగతి తర్వాత చెబుతాను. ముందు 38 వేలకు, 1.05 లక్షలకు మధ్య తేడా ఏమిటో చూడండి.

అడుగు భాగం మూయకుండా దింపిన వరల గుంత సెప్టిక్ ట్యాంకు కాదు. అందులోకి వెళ్లిన మురుగు శుద్ధి కాకుండానే భూమిలోకి దిగుతుంది. మీ బోరు ఉన్న స్థలంలోనే, పక్కింటివాళ్ల బోరుకు దగ్గర్లోనే దిగుతుంది. నాలుగైదేళ్లకు చుట్టూ మట్టి రంధ్రాలు పూడుకుపోయి నీళ్లు ఇంకడం మానేస్తాయి. వానాకాలంలో భూగర్భజలం పైకొస్తే గుంత నిండిపోయి, బాత్రూములో నీళ్లు వెనక్కి తంతాయి. అప్పుడు కొత్త గుంత తవ్వాలంటే టైల్సు వేసిన ఆవరణ పగలగొట్టాలి. అంటే ఇవాళ మిగిలిందనుకున్న డబ్బు ఆ రోజు ఖర్చవుతుంది.

ఇక కొలతలు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం పదిమందికి, రెండేళ్లకోసారి శుభ్రం చేయించే లెక్కన లోపలి పొడవు 2 మీటర్లు, వెడల్పు 0.9 మీటరు, నీటి లోతు 1.4 మీటర్లు, పైన ఖాళీ 0.3 మీటరు. మీరు ఆరుగురే కదా, పదిమంది లెక్క ఎందుకంటే, ఐదుగురి ట్యాంకులో (1.5×0.75×1.05) పట్టేది 1,180 లీటర్లే. రోజుకు ఆరుగురి వాడకం 600 లీటర్లు అనుకోండి. అడుగున సగం బురద చేరాక నీళ్లు అందులో ఒక్కరోజు కూడా నిలవవు. నిలవకపోతే మలం కిందకి దిగకుండా కొట్టుకుపోయి ఇంకుడు గుంతను పూడ్చేస్తుంది. పదిమందిది 2,520 లీటర్లు. సగం నిండినా రెండు రోజులు నిలుస్తుంది. మొత్తం కథ ఇక్కడే ఉంది: పాడయ్యేది ఎక్కువగా ఇంకుడు గుంత, కారణం చిన్న ట్యాంకు.

ఈ కొలతకు 9 అంగుళాల గోడలతో సుమారు 1,400 ఇటుకలు, 15 బస్తాల సిమెంటు, పైకప్పుకు 8 ఎంఎం కడ్డీ పాతిక కిలోలు పడతాయి. తవ్వకం 12 ఘనమీటర్ల దాకా వస్తుంది. మీ ఊరి రేట్లతో గుణించి, కూలీ, ఇంకుడు గుంత ఖర్చు కలిపి మేస్త్రి చెప్పిన అంకెతో పోల్చుకోండి. బేరానికి ఇదే ఆధారం.

కట్టేటప్పుడు మీరే దగ్గరుండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర అడ్డగోడ రావాలి. అందులోని రంధ్రాలు నీటి మట్టానికి అడుగు కిందుగా ఉండాలి. మరీ పైన పెడితే తెట్టు, మరీ అడుగున పెడితే బురద రెండో గదిలోకి పోతాయి. లోపలికి వచ్చే పైపుకు, బయటికి పోయే పైపుకు టీ (T ఆకారపు పైపు ముక్క) బిగించాలి. బయటికి పోయేది 5 సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. టీలు వేయకుండా పైపు తిన్నగా వదిలేస్తే తెట్టు నేరుగా ఇంకుడు గుంతకు చేరుతుంది, చాలామంది మేస్త్రీలు వదిలేసేది దీన్నే. రెండు గదులకూ విడివిడిగా మూతలు కావాలి. గాలి పైపు ఇంటి కప్పుకంటే 2 మీటర్లు ఎత్తుకు తీసి, పైన దోమల జాలీ కట్టించండి.

స్థలం విషయంలో మీకు ఒక చిక్కుంది. ఇంకుడు గుంత తాగునీటి బావికి 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు, ఇంటికి 6 మీటర్లు దూరంగా ఉండాలి. మీ స్థలంలో మూల నుంచి మూలకే 62 అడుగులు. ఈశాన్యం బోరుకు అతి దూరమైన మూల నైరుతి. అక్కడ గొయ్యి తవ్వడానికి వాస్తు ప్రకారం ఇంట్లో పెద్దలు ఒప్పుకోరు. వాయవ్యంలో తీస్తే 45 అడుగుల దాకా దొరుకుతుంది. లోతు తక్కువగా, 1–1.5 మీటర్లకే ఆపండి. పక్కవాళ్ల బోరు ఎక్కడుందో కూడా చూసుకోండి. తాగడానికి నల్లా నీళ్లే వాడండి. బోరు నీళ్లు ఏటా పరీక్ష చేయించి నైట్రేటు, కోలిఫాం చూసుకోండి. వాన నీటి ఇంకుడు గుంతను, దీన్ని ఎప్పుడూ కలపవద్దు.

సెప్టిక్ ట్యాంకుకు విడిగా అనుమతి తెచ్చుకోనక్కర్లేదు, ఇంటి ప్లానులోనే చూపించాలి. తెలంగాణలో 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాకా ఇళ్లకు 2020 బీపాస్ చట్టం కింద స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. మీది 167 చదరపు మీటర్లే. అయితే స్వీయ ధ్రువీకరణ అంటే ప్లానుకు, కట్టడానికి తేడా వస్తే బాధ్యత మీదే. గీసిన చోట ట్యాంకు లేకపోతే ఇంజనీరుతో ఇప్పుడే సవరించుకోండి.

ఇప్పుడు డబ్బు. 65 వేలకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే నెలకు 2,220 కట్టాలి, వడ్డీ 15 వేలు. ఇంటి లోను ఇంకా పూర్తిగా విడుదల కాలేదు కాబట్టి, సెప్టిక్ ట్యాంకు, సంపు చేర్చిన సవరణ అంచనా ఇంజనీరు సంతకంతో బ్యాంకుకు ఇవ్వండి. మీ అర్హతలో పెంపు దొరికితే 9 శాతానికి 15 ఏళ్లకు నెలకు 660 పడుతుంది. అలాగే వదిలేస్తే మొత్తం వడ్డీ 53 వేలు దాటుతుంది, అది చాలా ఎక్కువ. అందుకని డీఏ బకాయిలు వచ్చినప్పుడల్లా అసలులో జమ చేయండి. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోనుకు ముందస్తు చెల్లింపు మీద జరిమానా ఉండదు. బ్యాంకు ఒప్పుకోకపోతే ఎలివేషన్ టైల్సు, పెద్ద గేటు ఏడాది ఆగవచ్చు. ట్యాంకు ఆగలేదు.

కొత్త ఇంట్లోకి వెళ్లాక, రెండేళ్లకోసారి ట్యాంకు శుభ్రం చేయించే ఖర్చుకు నెలకు 300 చొప్పున ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) వేయండి. రెండేళ్లకు 7,200, వడ్డీ అదనం. ఒక్క ట్యాంకరు ట్రిప్పుకు అది సరిపోతుందో లేదో ధర కనుక్కుని అంకె మార్చుకోండి. కర్రకు తెల్లగుడ్డ చుట్టి దింపితే బురద ఎత్తు తెలుస్తుంది, లోతులో సగానికి చేరితే ట్యాంకరును పిలవండి. వరంగల్‌లో మలవ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది, ట్యాంకరు అక్కడికే వెళ్లాలని అడగండి. యాసిడ్, ఫినాయిల్ ఎక్కువగా పోస్తే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

ఎవరినీ ట్యాంకులోకి దిగనివ్వకండి. ఆక్సిజన్ లేక, హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి క్షణాల్లో ప్రాణం పోతుంది. దించినవారికి 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (చేతులతో మలవ్యర్థాలు ఎత్తించడం) నిషేధ చట్టం కింద తొలి నేరానికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మూత తీసినప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

మేస్త్రికి చివరి 15 వేలు ఆపి ఉంచండి. ట్యాంకు నిండా నీళ్లు పోయించి, మట్టం దగ్గర సుద్దతో గీత గీయండి. 24 గంటల తర్వాత మట్టం గీత దగ్గరే ఉంటే ఆ డబ్బు ఇచ్చేయండి. దిగితే లోపలి ప్లాస్టరింగు మళ్లీ చేయించి, మళ్లీ నింపి చూడండి.