150-600 ఎం.ఎం. లెన్సుకూ స్పాటింగ్ స్కోపుకూ ఒకే ట్రైపాడ్ సరిపోతుందా?

సముద్రపు గాలికి కదలని ట్రైపాడ్ ఒకటి జూమ్ లెన్సుకూ, పక్షులను దూరం నుంచి చూసే స్కోపుకూ కలిపి కావాలనీ, పెట్టె మీద రాసే ‘10 కిలోలు మోస్తుంది’ అన్న మాటను నమ్మవచ్చా అనీ అడిగారు. ఆ మాటను నమ్మి ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను. బరువు మోయడం వేరు, ఆ బరువుతో కదలకుండా నిలబడడం వేరు.

నేను మొదట కొన్నది నాలుగు మడతల కాళ్లున్న తేలికపాటి ట్రైపాడ్. ఇంట్లో రాయిలా నిలబడింది. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట, ఇసుక మేట మీద వాలిన టెర్న్ పక్షుల కోసం తెల్లవారుజామునే వెళ్లి నిలబెట్టిన రోజున మాత్రం, లెన్సు ముందు తొడిగే హుడ్‌ను గాలి తెరచాపలా పట్టుకోవడంతో, తీసిన ఫొటోల్లో సగానికి పైగా మసకబారాయి. చివరి మడత కాళ్లు చిటికెన వేలంత సన్నం. అది చాలదన్నట్టు, కంటికి అందడం లేదని మధ్య గొట్టాన్ని పూర్తిగా పైకి లేపాను. అలా లేపితే మూడు కాళ్ల మీద మళ్లీ ఒంటికాలిని నిలబెట్టినట్టే.

అందుచేత మధ్య గొట్టం ఎత్తకుండానే వ్యూఫైండర్ మీ కంటికి అందేదాన్ని, కాలి పై గొట్టం వ్యాసం కనీసం 28 మి.మీ., వీలైతే 32 మి.మీ. ఉన్నదాన్ని, మూడు మడతలదాన్ని చూడండి. విశాఖ దగ్గరి కంబాలకొండ అడవి వంటి వాలు నేలలో ఒక కాలిని ఎక్కువ పొడిగించవలసి ఉంటుంది కనుక ఎత్తులో నాలుగు వేళ్లు అదనంగా ఉండడమే మేలు. కార్బన్ ఫైబర్ తేలిక, ప్రకంపనలు త్వరగా ఆగుతాయి, ధర ఎక్కువ; నడక తక్కువైతే అల్యూమినియం చాలు.

హెడ్‌ను, అంటే కాళ్ల మీద కెమెరాను పట్టి తిప్పే భాగాన్ని, విడిగా కొనండి. బంతి మీద అన్ని వైపులా తిరిగే బాల్ హెడ్ మీద పెద్ద లెన్సు పట్టు సడలగానే ముందుకు వాలిపోతుంది. లెన్సు ఒక్కటే అయితే బరువును ఊయలలా సమతూకంగా నిలిపే గింబల్ హెడ్ అంత సుఖం మరొకటి లేదు, కానీ స్కోపు కూడా ఉంది కాబట్టి నేను కుదుపు లేకుండా నిదానంగా తిరిగే ఫ్లూయిడ్ హెడ్‌తో సరిపెట్టుకున్నాను. రెండింటికీ హెడ్‌లోకి జారించి బిగించే ఒకే కొలత ఆర్కా ప్లేట్లు బిగించుకుంటే మార్చడం క్షణంలో పని.

ఇసుకలో పెట్టేటప్పుడు అన్నిటికన్నా కింది మడతను ముందుగా లాగండి, అప్పుడు తిప్పి బిగించే తాళాలు ఇసుకకు అందవు. ఇంటికి రాగానే మంచినీటితో కడిగి, ఆరిన తర్వాతే మూయండి. బరువు కోసం సంచిని ట్రైపాడ్ మధ్యనున్న కొక్కేనికి వేలాడదీస్తే గాలికి ఊగి మరింత చేటు చేస్తుంది, దాని అడుగు నేలకు ఆనేలా కట్టాలి. కొండకర్ల ఆవ సరస్సులో దోనె ఎక్కేటప్పుడైతే ట్రైపాడ్‌ను గట్టు మీదే వదిలేయండి.

కొనే ముందు మీ లెన్సునే దుకాణానికి తీసుకువెళ్లి, కాళ్లు పూర్తిగా చాచి, 600 ఎం.ఎం. జూమ్ దగ్గర దూరపు బోర్డు మీది అక్షరాన్ని కెమెరా తెర మీద పెద్దది చేసి, కాలిని వేలితో ఒకసారి తట్టండి. ఒకటి రెండు క్షణాల్లో అక్షరం నిలబడకపోతే దాన్ని కొనవద్దు.