థింక్ ట్యాంకుల మీద రాయబోతున్న అమ్మాయికి

అమ్మా,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది, వాక్యం సాఫీగా నడిచింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, వచ్చిన చిక్కల్లా అదే. విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరుగుతాయి, ప్రభుత్వాలు వాటిని వాడుకోవాలి, థింక్ ట్యాంకులు ఆ రెండింటినీ కలుపుతాయి అన్నావు. ఎవరు కాదంటారు? కానీ అంత పొడుగు వ్యాసంలో ఒక్క మండలం లేదు, ఒక్క అధికారి లేడు, ఎవరి చేతికీ ఒక్క రూపాయి అందలేదు.

అన్ని సంస్థల గురించీ రాయకు. ఒక్క సంగతి పట్టుకుని చివరిదాకా వెళ్లు. మన దగ్గరే ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛను డబ్బులు వేలిముద్ర వేయించుకుని స్మార్ట్ కార్డు మీద ఇచ్చేవారు. ఆ పథకం 2006లో మొదలైంది, కొన్ని జిల్లాల్లో మాత్రం ముందుకు సాగలేదు. అలాంటి ఎనిమిది జిల్లాల్లో 2010లో మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రభుత్వాన్ని ఒకటే అడిగారు. ఎలాగూ అన్నిచోట్లా ఒకేసారి పెట్టలేరు కదా, ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ తీసి తేల్చండి, అప్పుడు ఆ రెండు రకాల మండలాలనీ పోల్చి కార్డు వల్ల ఏం మారిందో చూడొచ్చు అని. ప్రభుత్వం ఒప్పుకుంది. 157 మండలాలు, దాదాపు 1.9 కోట్ల జనాభా. ఆ రోజుల్లో అంత పెద్ద ఎత్తున ఇలాంటి అధ్యయనం చేయడం అరుదు.

దీనికి అండగా నిలిచింది జె-పాల్. అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో 2003లో పుట్టిన పరిశోధన కేంద్రం. పెట్టినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోలకి 2019లో నోబెల్ వచ్చింది కాబట్టి అందరూ ఆ ముక్క రాస్తారు. నువ్వు దాన్ని ఒక వాక్యంలో దాటెయ్యి. అసలు చూడాల్సింది ఇలాంటి కేంద్రం రోజూ చేసే పని. ప్రొఫెసర్ పాఠాలు లేనప్పుడు వచ్చి వెళ్తాడు. సెక్రటరీకి బదిలీ అవుతుంది. కొత్తగా వచ్చినాయనకి ఫైలు మొదటి నుంచి మళ్లీ చెప్పాలి. ఆ మధ్య కాలమంతా ఊళ్లో ఉండేది ఒక ఆఫీసూ, అందులో జీతానికి పనిచేసే పాతికేళ్ల పిల్లలూ. మండలాలు తిరిగేదీ, సర్వే కాగితాలు సరిచూసేదీ, సచివాలయంలో అపాయింట్‌మెంట్ కోసం కూర్చునేదీ వాళ్లే. అచ్చయ్యే పరిశోధన పేపర్‌లో వాళ్ల పేర్లు కృతజ్ఞతల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ముందు వాళ్లతో మాట్లాడు.

ఇక ఫలితం. రెండేళ్ల తర్వాత చూస్తే, లాటరీలో ముందు వచ్చిన మండలాల్లో కూడా సగం చెల్లింపులే కార్డు మీద జరుగుతున్నాయి. అయినా కూలీ డబ్బు త్వరగా అందింది, ఉపాధి హామీలో మధ్యలో మాయమయ్యే డబ్బు 41 శాతం తగ్గింది. ఈ అంకె దగ్గర జాగ్రత్త. 'అవినీతి 41 శాతం తగ్గింది' అని హెడ్డింగ్ పెట్టాలని చెయ్యి లాగుతుంది. లాటరీలో వెనకబడిన మండలాల్లో వందకి సుమారు ముప్పై రూపాయలు పోతుంటే, ముందు వచ్చిన చోట పద్దెనిమిదే పోయింది. అలా రాస్తే చదివేవాడికి రెండు విషయాలూ తెలుస్తాయి, ఎంత తగ్గిందీ, ఇంకా ఎంత పోతున్నదీ.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది ఫలితం వచ్చాక జరిగిన కథ. 2013లో ప్రభుత్వం ఈ కార్డుల్ని ఎత్తేద్దామా అనేదాకా వచ్చింది. సమీక్షల్లో పైకి వస్తున్నవన్నీ దాదాపు ఫిర్యాదులే. ఎందుకుండవు? చేతివాటం ఆగి నష్టపోయినవాడికి పై అధికారి ఫోన్ నంబరు తెలుసు. టైముకి కూలీ అందిన మనిషి ఎంపీడీవో ఆఫీసుకి వెళ్లి బాగుందండీ అని చెప్పి రాదు. సర్వేలో అడిగితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమంది పాత పద్ధతి కంటే ఇదే నయం అన్నారు. పథకం నిలవడానికి ఆ మాట కూడా ఒక కారణమైంది. పరిశోధన పాలనలోకి వెళ్లేది ఇలాగే అనుకుంటాను. అందమైన నివేదిక చదివి మంత్రిగారు మనసు మార్చుకోవడం నేనైతే పెద్దగా చూడలేదు. ఒక మీటింగులో లేని మనుషుల మాటని ఎవరో అక్కడికి మోసుకొస్తారు, అది సరిగ్గా నిర్ణయం తీసుకునే వారం అయి ఉంటుంది.

అక్కడ ఆపితే నీ వ్యాసం మళ్లీ శుభం కార్డు వేసేసుకుంటుంది. అందుకని జార్ఖండ్ వెళ్లు. రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర పెట్టినప్పుడు అక్కడ ఏం జరిగిందో ఇదే ముగ్గురు పరిశీలించారు. మొదట్లో దొంగతనం తగ్గలేదు సరికదా, ఆధార్ జోడించని కుటుంబాలకి అందే సరుకు తగ్గింది, కొందరికి పూర్తిగా ఆగిపోయింది. తర్వాత ప్రభుత్వం డీలర్ల దగ్గర మిగిలి ఉండాల్సిన నిల్వ లెక్కగట్టి, ఆ మేరకు వాళ్లకి పంపే సరుకులో కోత పెట్టింది. అప్పుడు దొంగతనం తగ్గింది, దాంతోపాటు జనానికి అందే బియ్యం కూడా తగ్గింది. అదే వేలిముద్ర. తేడా ఎక్కడంటే, ఆంధ్రలో కార్డు లేనివాళ్లకి పాత పద్ధతిలోనే డబ్బు ఇస్తూ వచ్చారు, జార్ఖండ్‌లో దాన్ని తప్పనిసరి చేశారు. ఆంధ్రలో విజయం అన్న వార్త ఢిల్లీదాకా సులువుగా వెళ్తుంది. కార్డు లేకపోయినా డబ్బు ఆపలేదన్న ముక్క దారిలో జారిపోతుంది. ఆ ముక్కని మోయాల్సింది నువ్వు.

డబ్బు ఎవరిచ్చారో కూడా రాయి. జె-పాల్ పూర్తి పేరులో ఉన్న అబ్దుల్ లతీఫ్ జమీల్, విరాళమిచ్చిన సౌదీ వ్యాపారి తండ్రి. అందులో నేరమేమీ లేదు, పాఠకుడికి చెప్పడం మన పని, అంతే. దానికంటే పెద్ద ప్రశ్న మరొకటుంది. లాటరీ తీయగలిగిన వాటినే లాటరీ పద్ధతి చూస్తుంది. కార్డులు, బోనస్‌లు, ఫోన్ కాల్స్ మండలానికి ఒక రకంగా పంచవచ్చు. భూమి ఎవరి చేతిలో ఉంది, ఊళ్లో ఎవరి మాట చెల్లుతుంది అన్నవాటిని పంచలేం. కొలవలేనిది లేనట్టే అనుకునే అలవాటు ఆ ఆఫీసుల్లో కొంత ఉంటుంది, వాళ్లని కలిసినప్పుడు దీన్ని మొహమాటం లేకుండా అడుగు.

ఇంకొకటి, ఇది నీ రెండో వ్యాసానికి పనికొస్తుంది. 2005 నుంచి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో ఒక ప్రయోగం చేశారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్. బోనస్ పెట్టిన బడుల్లో పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బడుల పిల్లల కంటే బాగా చేశారు. ఆ పరిశోధన పేపర్ 2011లో పేరున్న ఆర్థికశాస్త్ర పత్రికలో అచ్చయింది. మన బడుల్లో మాత్రం అది పద్ధతిగా మారలేదు. ఫలితం ఇంత స్పష్టంగా ఉండి కూడా ఎక్కడ ఆగింది? పేపర్‌లో దానికి జవాబు దొరకదు. ఉపాధ్యాయ సంఘాల పాత నాయకులని అడుగు, అప్పట్లో విద్యాశాఖలో పనిచేసి రిటైరైనవాళ్లని అడుగు. సర్వీసులో ఉన్నవాళ్లు నోరు విప్పరు. రిటైరైనవాళ్లు టీ ఇచ్చి మరీ మాట్లాడతారు. ముందు ఫోన్ చేసి వెళ్లు, పేపర్ ప్రింటు తీసుకుని వెళ్లు, వాళ్లలో చాలామంది దాన్ని చూసి ఉండరు.

ఆశీస్సులతో.